మహామంత్రి తిమ్మరుసు: కథయు, చరిత్రయు

మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిండించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, గ్రామస్థులందరికిని ఉపయోగపడు చరిత్ర విషయమేది యని యోచింపగా, చదువు వచ్చినవారికిని రానివారికిని సమానముగా తెలిసిన కథయొకటి మనసునకు తోచినది. అది శ్రీకృష్ణదేవరాయల మహామంత్రి సాళువ తిమ్మరుసు కథ. రాయలకు రాజ్యమిచ్చినవాడు తిమ్మరుసు. ఆ రాయల యాజ్ఞచేతనే కన్నులు కోల్పోయినవాడును తిమ్మరుసే. ఈ రెండు ముక్కలు చెప్పినచో మన ఊరి రచ్చబండమీద కూర్చున్న ఏ వృద్ధుడైనను మిగిలిన కథ తానే చెప్పగలడు. నాటకములు ఆడినవారు చెప్పిరి. 1962వ సంవత్సరమున వెలువడిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చలనచిత్రము చూచినవారు కంట తడిపెట్టుకొని చెప్పిరి.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఈ కథలో జరిగినదెంత? కల్పించినదెంత? మనకు చెప్పినవాడెవడు? ఆతడు కన్నదెంత, విన్నదెంత? ఒక మనుష్యునిమీద శిశుహత్యాదోషము మోపబడి ఐదువందల ఏండ్లయినది. ఆతడు దోషియా, నిర్దోషియా యని కన్నీటితో తీర్పు చెప్పుటకంటె, సాక్ష్యము నెదుట పెట్టుకొని విచారించుట ఆతనికి మనము చేయదగిన న్యాయము. కావున ఈ వ్యాసమున ఆతని ఉన్నతిని, పతనమును వరుసగా చెప్పి, ఎక్కడ శాసనము పలుకుచున్నదో, ఎక్కడ విదేశీయుడు పలుకుచున్నాడో, ఎక్కడ కథ పలుకుచున్నదో వేరువేరుగా చూపుటకు ప్రయత్నింతును.

సాక్షులెవరు?

రాయల కాలమునకు మనకు ముఖ్యముగా మూడు విధములైన ఆధారములు కలవు. మొదటివి శాసనములు. రాతిమీద చెక్కబడిన ఈ మాటలు ఆ దినములయందే పుట్టినవి. దానములు, విజయములు, పదవులు వీనిని గూర్చి శాసనము నమ్మదగిన సాక్షి. కాని శాసనము రాజుయొక్క కోపమును గూర్చి గాని, చెరసాలను గూర్చి గాని సామాన్యముగా మాటలాడదు.

రెండవవి పోర్చుగీసువారి వ్రాతలు. డొమింగో పేస్ అనునాతడు 1520వ సంవత్సర ప్రాంతమున విజయనగరమునకు వచ్చి, రాయలను కన్నులార చూచి వ్రాసినవాడు. ఫెర్నావో నూనిజ్ అనునాతడు గుఱ్ఱముల వర్తకుడు. ఆతడు రాయలు 1529లో గతించిన తరువాత, అచ్యుతరాయల యేలుబడిలో, 1535 మొదలు 1537 వరకు గల కాలమున విజయనగరమున నుండి అచట విన్న రాజచరిత్రను వ్రాసెను. ఈ రెండు వ్రాతలును చాలకాలము మరుగున పడియుండి, 1897లో లిస్బను నగరమున అచ్చుపడినవి. మద్రాసు రాష్ట్రమున ఉద్యోగము చేసిన రాబర్టు సూయల్ దొర వానిని ఇంగ్లీషులోనికి మార్చి, 1900వ సంవత్సరమున విజయనగర చరిత్రతో కలిపి ప్రకటించెను. నేడు మనము తాతముత్తాతల నుండి వచ్చినదని తలచెడి తిమ్మరుసు కథలో పెక్కు వివరములు ఈ పుస్తకము నుండియే మన రంగస్థలములమీదికి వచ్చినవి.

మూడవవి మన తెలుగు గ్రంథములు. రాయలే రచించిన ఆముక్తమాల్యద, నాయకరాజుల కాలమున పుట్టిన రాయవాచకము మొదలైనవి. రాయవాచకమున అప్పాజీ పాత్ర మిక్కిలి గొప్పగా కనబడును. కాని ఆ గ్రంథము రాయలకు చాలకాలము తరువాతిది. దానిలోని విషయములను జరిగినవి జరిగినట్లుగా గ్రహింపరాదు.

మేకకన్నులు

తిమ్మరుసు కౌండిన్యసగోత్రుడు, రాచిరాజు కుమారుడు. ఆతని ఇంటివారు కత్తియు గంటమును రెండును పట్టినవారు. ఆతని మేనల్లుళ్లయిన నాదెండ్ల అప్పామాత్యుడును, గోపమంత్రియు కొండవీటి సీమలో అధికారము నెరపిరి. మాదయగారి మల్లన తన రాజశేఖరచరిత్రమును అప్పామాత్యునకే అంకితమిచ్చెను. గోపమంత్రి ప్రబోధచంద్రోదయమునకు వ్యాఖ్య వ్రాసెను. తిమ్మరుసు పేరను సంస్కృత బాలభారతమునకు ‘మనోహర’ యను వ్యాఖ్య కలదు. కావున మన నాటకములలో కొన్నిట చూపినట్లు ఆతడు కేవలము తంత్రములు పన్నెడి వృద్ధుడు కాడు. పండితుడు, దండనాయకుడు, గొప్ప కుటుంబమునకు పెద్ద.

రాయలకు ముందు ఆయన అన్న వీరనరసింహరాయలు రాజ్యము చేసెను. ఆయన 1509లో అవసానదశలో నున్నప్పుడు జరిగిన సంగతిని నూనిజ్ ఇట్లు చెప్పుచున్నాడు. రాజునకు ఎనిమిదేండ్ల కుమారుడు కలడు. ఆ బాలునకు రాజ్యము నిష్కంటకముగా నుండవలెనని తలచి, రాజు తిమ్మరుసును పిలిపించి, తన తమ్ముడగు కృష్ణదేవుని కన్నులు తీయించి తనకు తెచ్చి చూపుమని ఆజ్ఞాపించెను. తిమ్మరుసు కృష్ణదేవుని ఒక గుఱ్ఱపుశాలలోనికి ఏకాంతముగా తోడుకొనిపోయి రాజాజ్ఞను తెలిపెను. కృష్ణదేవుడు తనకు రాజ్యము వలదనియు, జోగివలె లోకమున తిరిగి కాలము పుచ్చెదననియు, అన్నకు తానే యపకారమును చేయలేదు గనుక కన్నులు తీయవలదనియు వేడుకొనెను. తిమ్మరుసు ఆలోచించెను. ఎదుట నున్నవాడు ఇరువదియేండ్లు దాటిన యువకుడు. అంతఃపురమున నున్నవాడు ఎనిమిదేండ్ల బాలుడు. చుట్టును బహమనీ రాజ్యమునుండి చీలిన సుల్తానులు, తూర్పున గజపతి. ఆతడొక మేకను తెప్పించి, దాని కన్నులు తీయించి, రాజునకు చూపెను. రాజు గతించినంతనే కృష్ణదేవుని సింహాసనమున కూర్చుండబెట్టెను.

ఈ సంగతి రహస్యముగా జరిగినదని చెప్పినప్పుడు, ఇరువదియైదేండ్ల తరువాత వచ్చిన గుఱ్ఱముల వర్తకునకు ఎట్లు తెలిసినదను సందేహము కలుగుట సహజము. గుఱ్ఱపుశాలలోని మాటలు ఆతడు వినలేదు. కాని ఈ కథ నూనిజ్ వచ్చునాటికే నగరమున ప్రచారమున నుండెననుట మాత్రము నిశ్చయము.

పట్టాభిషేకమునకు ముందు తిమ్మరుసు రాయలను ఏకాంతమునకు పిలిచి చెంపమీద కొట్టెననియు, శిక్షయొక్క బాధ రాజునకు తెలిసియుండవలెనని అట్లు చేసితినని చెప్పెననియు మనవారిలో మరియొక కథ కలదు. ఇది లోకవాదమే గాని చరిత్ర కాదు. అయినను ఈ కథను అల్లినవాడు తిమ్మరుసు కడపటి దినములను మనసున నుంచుకొనియే అల్లినట్లు కనబడును.

సింహాసనమెక్కిన రాయలు అన్న కుమారుడగు ఆ బాలుని చంద్రగిరి దుర్గమునకు పంపి, మరణించువరకు చెరలోనే యుంచెనని నూనిజ్ వ్రాసినాడు. మన నాటకములు ఈ బాలుని మరచినవి. తిమ్మరుసు దయవలన ఒకనికి కన్నులు మిగిలినవి, రాజ్యము దక్కినది. మరియొకనికి చెరసాల దక్కినది. రాజ్యతంత్రమున మంత్రి చేసిన మేలు సైతము ఎవరో ఒకరికి కీడు కాక తప్పదు. ఈ మాటను మనము గుర్తుంచుకొనవలెను. కథ చివర దీనితో పని కలదు.

అప్పాజీ వైభవము

రాజ్యమునకు వచ్చిన తరువాత రాయలు ఏడాదిన్నరకాలము రాజధానిని విడువక, రాజ్యవ్యవహారములను నేర్చుకొనుచు, పూర్వరాజుల మరణశాసనములను చూచుచు గడపెనని నూనిజ్ చెప్పుచున్నాడు. వానిలో సాళువ నరసింహరాయలు వ్రాయించిన పత్రమొకటి కనబడెను. రాయచూరు, ఉదయగిరి, కొండవీడు అను మూడు దుర్గములను తన తరువాత వచ్చెడివారు సాధింపవలెనని ఆతడు కోరియుండెను. రాయల తరువాతి దండయాత్రలన్నియు ఈ కోరికను తీర్చుటకే సాగినట్లు కనబడును. ఆ ఏడాదిన్నరలో రాజునకు గురువుగా నుండినది తిమ్మరుసే యని వేరుగా చెప్పనక్కరలేదు. అప్ప యనగా తండ్రి. రాయలు ఆతనిని అప్పాజీ యని పిలుచుట కేవలము మర్యాద కాదు.

ఉదయగిరి ముట్టడి ఏడాదిన్నర సాగి, 1514లో ఆ దుర్గము లొంగినది. అచటి బాలకృష్ణ విగ్రహమును రాయలు విజయనగరమునకు కొనిపోయి, ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను. మరుసటి ఏట కొండవీడు. 1515 జూను 23వ తేదీన, శాలివాహన శకము 1437 ఆషాఢ శుద్ధమున హరివాసరమునాడు సాళువ తిమ్మరుసు గజపతివలన కొండవీటిని గైకొనెనని మంగళగిరి శాసనము చెప్పుచున్నది. ఇచట సందేహమునకు తావు లేదు. శాసనము రాజు విజయమును మంత్రి పేర చెప్పుట ఆతని గౌరవము నెంతయో తెలుపుచున్నది. గజపతి కుమారుడు వీరభద్రుడు ఆ దుర్గమున పట్టువడెను. కొండవీటి రాజ్యాధికారము తిమ్మరుసునకే ఈయబడెను. కాని రాజును విడిచియుండరాదు గనుక, ఆతడు తన తమ్ముని అచట నిలిపి తాను రాయలవెంట సాగెనని నూనిజ్ వ్రాసినాడు. 1516 నాటికి విజయనగరసేన సింహాచలమును చేరెను. తుదకు గజపతి సంధి చేసికొని తన కూతును రాయలకిచ్చి వివాహము చేసెను.

ఈ దండయాత్రను గూర్చి రాయవాచకమున చెప్పిన కథయొకటి వినదగినది. గజపతికి పదునార్గురు పాత్రులు, అనగా సామంతులు, బలమైనవారు కలరు. వారు కలిసి నిలిచినచో గెలుచుట కష్టమని రాయలు చింతింపగా, అప్పాజీ ఒక యుపాయము పన్నెను. ఆ పదునార్గురును తమతో లోపాయకారిగా ఒప్పందము చేసికొనినట్లు జాబులు వ్రాయించి, వారికి బహుమానములని పెట్టెలతో నగలు పంపి, అవి దారిలో గజపతి చేతిలో పడునట్లు చేసెను. గజపతి వానిని చూచి తనవారందరును తనను అమ్మివేసిరని నమ్మి, యుద్ధము చేయకయే రాత్రివేళ పారిపోయెను.

ఇది జరిగినదని చెప్పుటకు వేరొక ఆధారము లేదు. కాని కథకుడు ఒక సత్యమును పట్టుకొన్నాడు. రాజునకును ఆతని నమ్మినబంట్లకును నడుమ ఒక అనుమానమును పడవేసినచో చాలును, వేయి ఏనుగులు చేయలేని పనిని అది చేయును. ఆ విద్య తెలిసిన మంత్రికి తుదకు ఆ అనుమానమే మృత్యువైనది.

పేస్ విజయనగరమునకు వచ్చునప్పటికి తిమ్మరుసు వృద్ధుడు. ఆతని పేరు పోర్చుగీసువాని నోట తెమెర్సెయా యని మారినది. రాజునకు మిక్కిలి ఇష్టుడైనవాడు ఈ వృద్ధుడనియు, రాజగృహమంతయు ఆతని యాజ్ఞలో నుండెననియు, గొప్ప ప్రభువులు రాజునెడ మెలగినట్లే ఆతనియెడ మెలగుదురనియు పేస్ వ్రాసెను. ఇది కన్నులతో చూచినవాని సాక్ష్యము. అదే పేస్ రాయలను గూర్చి వ్రాయుచు, ఆయన సర్వవిధముల ఉత్తముడైన ప్రభువని మెచ్చుకొని, ఉన్నట్టుండి ఆగ్రహము తెచ్చుకొనెడివాడని కూడ చేర్చినాడు. పొగడ్తల నడుమ వచ్చిన ఈ చిన్నమాటను పాఠకులు మరువరాదు.

1520లో రాయచూరు గెలువబడెను. మూడు దుర్గముల కోరికయు తీరినది. రాజ్యము వైభవశిఖరము నెక్కినది. మంత్రియు దానితోడనే ఎక్కెను.

పతనము

రాయలకు తిరుమలదేవుడను కుమారుడు కలిగెను. నూనిజ్ చెప్పిన ప్రకారము, ఆ బాలునకు ఆరేండ్ల ప్రాయమున రాయలు తాను జీవించియుండగనే ఆతనికి పట్టము గట్టెను. తాను రాజ్యము విడిచి, ఆ బాలునకు తానే మంత్రియై, కుమారుని ఎదుట నిలిచి నమస్కరించెను. అంతవరకు మంత్రిగా నున్న తిమ్మరుసు ఆలోచన చెప్పెడి పెద్దగా నిలిచెను. ఆతని కుమారులలో నొకనికి గొప్ప ప్రభుపదవి ఈయబడెను.

ఈ మార్పును మనము నిదానముగా చూడవలెను. పైకి చూడగా అది గౌరవమే. కాని నలువది ఏండ్లు మంత్రిపదవిలో నున్నవానికి ఇప్పుడా పదవి లేదు, రాజే మంత్రి. మంత్రికి ఇందు కోపము వచ్చెనో లేదో మనకు తెలియదు. వచ్చియుండునని ఇతరులు అనుకొనుటకు మాత్రము ఇంతకంటె అవకాశము వేరొకటి లేదు.

పట్టాభిషేకోత్సవములు ఎనిమిది మాసములు సాగినవి. ఆ ఉత్సవముల నడుమనే బాలుడు జబ్బుపడి చనిపోయెను. తరువాత, తిమ్మరుసు కుమారుడు విషము పెట్టుటచేత బాలుడు మరణించెనని రాయలకు తెలిసినదని నూనిజ్ చెప్పుచున్నాడు. ఎవరు చెప్పిరి? ఏ నిదర్శనము చూపిరి? నూనిజ్ వ్రాతలో ఆ మాట లేదు. రాయలు దానిని నిజమని నమ్మెను, అంతియే.

రాయలు తిమ్మరుసును, ఆతని కుమారులను, తమ్ముడైన గోవిందరాజును, బంధువులగు దండనాయకులను సభకు పిలిపించెను. అచట ఆయన పలికినట్లుగా నూనిజ్ వ్రాసిన మాటల సారాంశము ఇది. నిన్నెప్పుడును నా పరమమిత్రునిగా నెంచితిని. నలువది ఏండ్లుగా ఈ రాజ్యమును నడిపితివి. ఈ రాజ్యము నాకు నీవిచ్చినదే. కాని అందుకు నేను నీకు ఋణపడను. నీ ప్రభువగు నా అన్న నా కన్నులు తీయుమని ఆజ్ఞాపింపగా, నీవు అట్లు చేయక, మేకకన్నులు చూపి ఆయనను వంచించితివి. ఆనాడే నీవు రాజద్రోహివి. నేడు నా బిడ్డ మీరు పెట్టిన విషముచేత చచ్చెను. కావున మీరందరు బందీలు.

ఈ మాటలను చదివినప్పుడు ఎవనికైనను ఒడలు జలదరించును. విషము పెట్టితివను నేరారోపణమునకు ముందు, కన్నులు తీయకుండుట నేరమను ఆరోపణము వచ్చినది. రాయల కన్నులు, రాయల సింహాసనము, ఉదయగిరి, కొండవీడు, రాయచూరు, అష్టదిగ్గజములుగా పేరుపొందిన కవులు, భువనవిజయము, ఇవన్నియు ఏ యొక్క కార్యమునుండి పుట్టినవో ఆ కార్యమే నేరపత్రమున మొదటి వాక్యమైనది. ఉపకారము పొందినవాడే ఆ ఉపకారమును ద్రోహమని పలికినప్పుడు, ఉపకారి ఏమి బదులు చెప్పగలడు? తిమ్మరుసు బదులు చెప్పినట్లు నూనిజ్ వ్రాయలేదు.

ఇందులో తర్కమొకటి లేకపోలేదు. ఒక రాజును వంచించినవాడు మరియొక రాజును వంచింపడని నమ్ముటెట్లు? ఒక బాలుని కాదని మరియొకనికి రాజ్యమిచ్చినవాడు, ఈ బాలుని సైతము తొలగింపడని నమ్ముటెట్లు? చంద్రగిరి చెరలోని ఆ బాలుడు ఈ విధముగా కథలోనికి మరల వచ్చుచున్నాడు. మంత్రి చేసిన మేలులోని కీడును రాజు పదునైదేండ్లు చూడకుండెను, పుత్రశోకముచేత చూచెను. శోకము కన్ను తెరచినదో, మూసినదో చెప్పుట కష్టము.

రాయలు స్వయముగా లేచి వారిని పట్టుకొనెననియు, అప్పుడు గుఱ్ఱములతో వచ్చి దేశముననున్న పోర్చుగీసువారిని సాయమునకు పిలిచెననియు నూనిజ్ చెప్పుచున్నాడు. తన సభలో, తన సేన నడుమ, ఒక వృద్ధమంత్రిని పట్టుకొనుటకు రాజు విదేశీయుల సాయమును కోరవలసివచ్చెననినచో, ఆ మంత్రి బంధువర్గము ఎంత బలమైనదో, రాజు మనసున ఎంత భయముండెనో ఊహించుకొనవచ్చును.

తండ్రియు కుమారులును మూడేండ్లు చెరలో నుండిరి. కుమారులలో తిమ్మదండనాయకుడనువాడు చెర తప్పించుకొనిపోయి, కొండలలోని దుర్గమొకటి ఆశ్రయించి తిరుగబడెను. రాయలు కొత్తమంత్రిని సేనతో పంపి ఆతనిని పట్టి తెప్పించెను. అప్పుడు తిమ్మరుసును, ఆ కుమారుని, మరియొక కుమారుని వధ్యస్థానమునకు కొనిపోయి కన్నులు తీయించిరి. ఆ దేశమున బ్రాహ్మణులకు మరణదండనము లేదు గనుక ఇట్లు చేసిరని నూనిజ్ వివరించినాడు. తిమ్మరుసు చెరసాలలోనే చనిపోయెను. పెనుకొండలో తిమ్మరుసు పేరుతో ఒక కట్టడమును జనులు నేటికిని చూపుదురు.

సాక్ష్యవిచారము

ఇప్పుడు న్యాయవిచారణకు వత్తము. నూనిజ్ చెప్పినదానిలో కొంత శాసనములచేత రుజువగుచున్నది. తిరుమలదేవమహారాయలు అను పేర 1524వ సంవత్సరపు శాసనములు కలవు. కావున బాలునకు రాజ్యమిచ్చుట నిజమే. ఆ తరువాత బాలుని పేరు వినబడకపోవుటయు, రాయల తరువాత ఆయన తమ్ముడు అచ్యుతరాయలు రాజగుటయు బాలుని మరణమును సూచించుచున్నవి. తిమ్మరుసు మహామంత్రియై రాజునకు సమానముగా వెలుగుట పేస్ మాటవలనను శాసనములవలనను స్థిరము.

కాని విషము, సభలోని మాటలు, కన్నులు తీయుట, ఈ మూటికి నూనిజ్ ఒక్కడే సాక్షి. ఆతడు చూచి వ్రాయలేదు, విని వ్రాసెను. ఆతని చరిత్రలో పొరపాటులు లేకపోలేదు. రాయచూరు యుద్ధము 1522లో జరిగినదని ఆతడు వ్రాయగా, అది 1520 అని సూయల్ చూపెను. అయినను ఆతడు అబద్ధమాడుటకు కారణము కనబడదు. ఆతనికి తిమ్మరుసుతో స్నేహము లేదు, వైరము లేదు. సంఘటన జరిగిన పదియేండ్లలోపుననే, జరిగిన నగరముననే విని వ్రాసెను. కావున శిక్ష జరిగినదని నమ్ముటకు కొంత బలము కలదు. నేరము జరిగినదని నమ్ముటకు అంత బలము లేదు. శిక్షను నగరమంతయు చూచియుండును, విషమును చూచినవాడెవడు? ఆ కాలమున పసిబిడ్డలు జ్వరములచేత, అతిసారముచేత, మశూచిచేత పోవుట ప్రతి ఇంటను జరుగుచునే యుండెను. రాజగృహమున బిడ్డ పోయినప్పుడు మాత్రము జ్వరమని నమ్మెడివారుండరు, విషమనియే అందురు.

మన నాటకకర్తలు ఈ చిక్కును తమ విధమున విప్పుకొనిరి. నేరమును శత్రువుల కుట్రపై మోపిరి. తిమ్మరుసును నిర్దోషిని చేసిరి. కన్నులు పోయిన తరువాత రాయలకు నిజము తెలిసి, ఆయన అప్పాజీ పాదములమీద పడి విలపించినట్లు చూపిరి. ఆ విలాపము నూనిజ్ గ్రంథమున లేదు. అది ప్రేక్షకుల హృదయమున పుట్టినది. మనకు రాయలు కావలెను, అప్పాజీయు కావలెను. ఇద్దరిలో నొకరిని చెడ్డవానిని చేయుటకు మనసొప్పక, మూడవవానిని తెచ్చి నేరము మోపితిమి. కవికి ఆ స్వేచ్ఛ కలదు. దానిని నేను తప్పు పట్టుటలేదు. కాని చరిత్ర చదువువాడు, రాయలు పశ్చాత్తాపపడకయే యుండవచ్చునను కఠినమైన మాటను సైతము సహింపగలిగియుండవలెను.

మనము గ్రహింపవలసినది

రాయలు ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసమున రాజనీతిని విపులముగా చెప్పియున్నాడు. యోగ్యుడగు మంత్రి దొరకనిచో రాజు తానే కార్యములు చూచుకొనవలెనే గాని, అయోగ్యుని పెద్దచేసినచో తుదకు వాని చేతిలో బ్రదుకవలసివచ్చునను హెచ్చరిక అందులో కలదు. అంత నీతి తెలిసిన రాజునకే ఆ సభలో ఒక్క ప్రశ్న తోపలేదు: ఈ మాట నాకు చెప్పినవాడెవడు, వానికి దీనివలన లాభమేమి? నిందితుని మాట వినుటకు, సాక్షులను వేరుగా విచారించుటకు, తీర్పు చెప్పువాడు శోకార్తుడైన తండ్రి కాకుండుటకు ఆ రాజ్యమున ఏర్పాటు లేదు. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రియే ఫిర్యాది, ఆతడే న్యాయాధిపతి, ఆతడే శిక్ష నెరవేర్చువాడు. దోషము రాయలదని చెప్పుటకంటె, ఒక మనుష్యుని మనసుమీద సమస్తమును ఆధారపడియుండు పరిపాలనదని చెప్పుట న్యాయము. అట్టి పరిపాలనలో మంత్రి ఎక్కుట రాజు ఇష్టమువలన, పడుట రాజు అనుమానమువలన. మధ్య నిలుచుటకు మెట్టు లేదు.

తిమ్మరుసునకును ఈ విషయము తెలియకపోలేదు. గుఱ్ఱపుశాలలో ఆతడు ఒక రాజాజ్ఞను తన విచక్షణచేత కాదనెను. ఆనాడు చట్టమును మీరి ధర్మము చేసెను. ఆ ధర్మమునకు రక్షణ ఆ రాజు ప్రేమ తప్ప వేరొకటి లేకపోయెను. ప్రేమ పోయినంతనే ధర్మము నేరమైనది.

చెప్పుడుమాటలు విన్నచో చేటని మనవారు చెప్పెడి మాట రాజులకు మాత్రమే కాదు. మన ఊళ్లలో అన్నదమ్ముల నడుమ, భాగస్థుల నడుమ, పెద్దమనుష్యుల నడుమ ఇట్టి అనుమానములచేత ఎన్ని ఇండ్లు కూలినవో మీకు తెలియనిది కాదు. మేలు చేసినవాని మేలునే తప్పుగా లెక్కకు తెచ్చెడి మాట మన నోటను వచ్చుచున్నదని తోచిన క్షణమున, ఒక్కసారి ఆగి, ఈ మాట నాకెవరు చెప్పిరి అని అడుగుకొన్నచో తిమ్మరుసు కథ చదివిన ఫలము దక్కినట్లే.

గ్రంథాలయము చేయవలసిన పనియు ఇదియే. నాటకమును చదువవలసినదే, కన్నీరు పెట్టవలసినదే. దాని ప్రక్కనే శాసనముల సంపుటమును, విదేశీయుల వ్రాతలను, ఆముక్తమాల్యదను ఉంచి, ఎవరేమి చూచిరో, ఎవరేమి వినిరో వేరుచేసి తెలిసికొనవలసినదే. ఒక్కని మాట విని తీర్పు చెప్పని గుణము పుస్తకములు పెక్కు చదివిన ఊరిలో పెరుగును. ఇరువదియైదేండ్లు ఆ బీరువాల తలుపులు తెరచియుంచిన కార్యకర్తలకును, ప్రతి సాయంకాలము వచ్చి దీపముక్రింద కూర్చుండి చదివిన పాఠకులకును నా నమస్కారములు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక యని కోరుచున్నాను.